పాములను గుర్తించు విద్య యెందులకు?

ఏటేట జూను మాసమున బడి తెఱచిన పది దినములకే మన ప్రకృతిశాస్త్రశాల గుమ్మమున నొక కఱ్ఱయు, ఆ కఱ్ఱ కొనను వ్రేలాడుచు నొక చచ్చిన పామును, దాని వెనుక పది పండ్రెండుగురు పిల్లలును కనబడుట నాకు వాడుకయే. "మాస్టారూ, ఇది విషముగలదా, కాదా?" అని యందఱు నొక్క గొంతుతో నడుగుదురు. ఇరువది రెండేండ్లుగా నేనీ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నాను. చెప్పునపుడు కొంత గర్వపడుచుంటినని దాచనేల? గణితము చెప్పు మా మిత్రుని జూచి పిల్లలు తప్పించుకొని పోవుదురు గాని, పాము పేరు చెప్పిన నన్ను మాత్రము వీరునివలె చూతురు.

ఈ సంవత్సరము వసతిగృహపు నూతియొద్ద నొక జెఱ్ఱిపోతు కనబడి పెద్ద గందరగోళమైన సంగతి మీలో ననేకు లెఱుగుదురు. ఆ పిమ్మట తల్లిదండ్రులు కొందఱు ప్రధానోపాధ్యాయులవారికి జాబులు వ్రాసిరి. అవి రెండు తెఱగులు. పాములవానిని కుదిర్చి ఆవరణములోని పాముల నన్నిటిని పట్టించి చంపింపవలయునని కొందఱు వ్రాసిరి. విషసర్పములను గుర్తించు విద్యను బాలురకు నేర్పినచో, కాటుపడినపుడు కంగారు లేక కర్తవ్యమును నిర్ణయించుకొందురని మఱికొందఱు వ్రాసిరి. మొదటివారితో నే నేకీభవింపను. రెండవవారితో సగమే యేకీభవింతును. ఆ మిగిలిన సగమును గూర్చియే ఈ వ్యాసము.

పాములను గుర్తింప నేర్వవలసినదే. కాని యా విద్య కాటునకు ముందటి దినములకు సంబంధించినది. కాటు పడిన పిమ్మట, ఆసుపత్రికి పోవలయునా, మానవచ్చునా యని తేల్చుకొనుటకు దాని నుపయోగించితిమా, ఆ విద్యయే ప్రాణము తీయును. ఈ మాట నేను పుస్తకములు చదివి వ్రాయుట లేదు. నా తప్పువలన నేర్చుకొంటిని.

గడచిన ఆగస్టు మాసమున నొక రాత్రి రెండు గంటలు దాటిన తరువాత నెవరో మా తలుపు దబదబ బాదిరి. తీసి చూడగా వసతిగృహపు తోటమాలియు, వాని భార్యయు నిలుచుండిరి. తోటమాలి చేత నొక గోనెసంచి యున్నది. ఆమె నేలమీద చాప పఱచుకొని నిద్రించుచుండగా కుడిచేతి వ్రేలిమీద చీమ కుట్టినట్లయినదట. దీపము వేసి చూడగా చాప యంచున నల్లని సన్నపు పాము. మగడు దానిని కొట్టి, సంచిలో వేసికొని, ఆమెను వెంటబెట్టుకొని తిన్నగ నాయొద్దకు వచ్చెను. "మేష్టారు బాబూ, ఇది విసప్పామో కాదో మీరు సూసి సెప్పండి. కాదంటే ఇంటికెళ్లిపోతాం" అనెను.

వారు నాయొద్దకు వచ్చుటకు కారణము లేకపోలేదు. ఆ వేళ బాడుగబండి మాటలాడుకొని పట్టణమునకు పోవుట యనగా వారికి రెండు దినముల కూలి. విషము లేనిదని నేనంటినా, ఆ వ్యయము తప్పును. పిల్లలకు నేను పాముల పేర్లు చెప్పుట ఆ తోటమాలి పదేండ్లుగా చూచుచున్నాడు. 108 సంఖ్యకు ఫోను చేసినచో బండి యుచితముగా వచ్చునన్న సంగతి వానికి తోచలేదు. తోచవలసిన నాకును తోచలేదు.

నేను చేసిన పని యేమి? బల్లమీద కాగితము పఱచి, పామును దానిమీద వేసి, భూతద్దము తెచ్చుకొంటిని. దెబ్బలకు తల చితికిపోయినది. తెల్లని కట్లు కొన్ని కనబడుచున్నవి గాని మట్టితోను నెత్తుటితోను అలుముకొనిపోయినవి. ఇది కట్లపామా, లేక దానిని పోలియుండు తోడేలుపామా? కడిగితిని. వీపు నడుమనున్న పొలుసుల వరుసను పరీక్షించితిని. తోక క్రింది పొలుసులు ఒంటివా, జంటవా యని త్రిప్పి చూచితిని. పుస్తకము తీసి బొమ్మతో పోల్చితిని. ఆమె అరుగుమీద కూర్చుండి నావంకనే చూచుచుండెను. నొప్పి యున్నదా యనగా లేదనెను, వ్రేలు వాచలేదు. తుదకు "కట్లపామే" యని నేను తల యెత్తునప్పటికి ముప్పాతిక గంట గడచినది. నేను చెప్పిన పేరు సరియైనదే. గుర్తించుటలో నేను పొరపడలేదు. కాని యా ముప్పాతిక గంటలో ఆమె కన్నుఱెప్పలు బరువెక్క నారంభించినవి.

ఆసుపత్రి చేరునప్పటికి ఆమెకు ఉమ్మి మ్రింగుటయు కష్టమైనది. ఆఱు దినములు శ్వాసయంత్రముమీద నుంచిరి. పదునొకండవ దినమున తన కాళ్లతో నడచి యింటికి వచ్చినది. ఆమె బ్రదికినది గనుకనే ఈ సంగతి వ్రాయగలుగుచున్నాను.

ఆ రాత్రి గోనెసంచిని నేను వైద్యుని బల్లయొద్దకు గూడ మోసికొని పోతిని. ఆయన సంచిలోనికి తొంగిచూచి, "మంచిదే, కాని మీరు దీనిని తెచ్చినను తేకున్నను నేను చూడవలసినది ఈమె కన్నులను" అని ఆమె వైపునకు తిరిగెను. పిమ్మట నాకు తెలిసిన దేమనగా, మన దేశమున పాముకాటునకు వైద్యుడు పాము పేరునుబట్టి గాక రోగి లక్షణములనుబట్టియే చికిత్స చేయును. కన్నుఱెప్పలు వాలుట, మాట ముద్దయగుట, ఊపిరి తగ్గుట మున్నగునవి నరములకు సోకిన విషమును తెలుపును. చిన్న గాజుగొట్టములో రోగి రక్తము కొంచెము తీసి, కదల్పక యిరువది నిమిషము లుంచి వంచి చూతురు. గడ్డకట్టనిచో అది పింజరజాతి కాటని యూహింతురు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటి విషములకును మన దేశమున నిచ్చు విరుగుడు మందు ఒక్కటియే. దాని తయారునకు కావలసిన విషమును చిరకాలము తమిళనాటి ఇరుళజాతివారి సహకార సంఘము తీసి యిచ్చినది. ఆ సంఘము 1978లో నేర్పడినది. ఆ విషమును కొంచెము కొంచెముగ గుఱ్ఱముల కెక్కించి, వాని రక్తమునుండి మందు తీయుదురు. మఱియొక చిత్రమైన సంగతి: ఈ మందు పిల్లలకును పెద్దలకును ఒకే మోతాదు. పాము కఱచునపుడు మనుష్యుని వయస్సు చూచి విషము కొలిచి పోయదు గదా!

కావున కాటుపడిన తరువాత పామును వెదకుట, చంపుట, సంచిలో మోయుట, నావంటివానికి చూపుట, ఇవన్నియు వృథా కాలయాపనలు. దూరమునుండి ఫోనుతో నొక చిత్రము తీయ వీలైనచో తీయవచ్చును. దానికొఱకు ఒక్క నిమిషమైన నిలువరాదు. పాముకొఱకు చీకటిలో పొదలు కెలకి రెండవవాడుకూడ కాటుపడుట వినరాని సంగతి కాదు. కఱ్ఱకొనను పామును వ్రేలాడదీసికొని వచ్చు నా శిష్యుల కింకొక మాట. తెగిన తలకూడ కొంతసేపటివరకు కఱవగలదు. చచ్చినదని వ్రేలితో పొడిచి చూచు ధైర్యశాలులు ఈ వాక్యమును రెండుసారులు చదువుదురుగాక.

ఇంతవఱకు చదివి, "అట్లయినచో గుర్తించు విద్య యేల? మానివేయుడు" అని కొంద ఱనవచ్చును. అదియు పొరపాటే. మన దేశమున 2000 మొదలు 2019 వఱకు పాముకాటువలన పండ్రెండు లక్షలమంది, అనగా సగటున ఏటికి 58,000 మంది మరణించిరని పండితులు ఇంటింటి మరణముల విచారణనుండి లెక్కగట్టిరి. అందు సగము మరణములు జూను నుండి సెప్టెంబరు వఱకు గల నాలుగు నెలలలోనివే. మరణము లధికముగానున్న యెనిమిది రాష్ట్రములలో, నాటి లెక్కయందు తెలంగాణముతో గూడిన ఆంధ్రప్రదేశమును ఒకటి. ఈ చచ్చినవారిలో అత్యధికులు పల్లెలవారు. పొలమున నే పాము తిరుగును, ఇంటిలోనికి నేది వచ్చును, ఏ వేళ వచ్చును, ఎచ్చట దాగును అని తెలిసినవాడు కాలు పెట్టుచోటు చూచి పెట్టును. పండుకొనుచోటు చూచి పండుకొనును. గుర్తించు విద్యవలని ప్రయోజన మంతయు నిక్కడనే యున్నది.

ఈ విద్యకును మన ప్రాంతమునకును పాత సంబంధమున్నది. 1780వ దశకమున విశాఖపట్టణమునకు ప్యాట్రిక్ రసెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు వచ్చెను. మన పిల్లలడుగు ప్రశ్నయే ఆయనను వేధించినది: విషసర్పమేది, కానిదేది, సామాన్యులు పోల్చుకొనుట యెట్లు? ఈ తీరమున పాములను సేకరించి, కోళ్లకును కుక్కలకును కాట్లు వేయించి ఫలితములు వ్రాసికొని, బొమ్మలతో నొక గొప్ప గ్రంథమును 1796లో లండనునందు ప్రకటించెను. అందు పాములకు మనవారు చెప్పిన తెలుగు పేర్లనే ఆంగ్లాక్షరములలో వ్రాసెను. నేడు లోకమంతయు రసెల్ పేరుతో పిలుచు పాము ఆయన గ్రంథమున "కాటుక రేకుల పొడ" యని యున్నది. గోధుమవన్నె మేనిమీద కాటుక దిద్దిన రేకులవంటి పొడలు గలదని యర్థము. ఆ పేరు వినిన పిల్లవానికి బొమ్మతో పనిలేదు. పసుపు నలుపు పట్టెల పామును మనవారు బంగారుపామనిరి. నేడు కట్లపాముల జాతి కంతటికిని శాస్త్రజ్ఞులు వాడు "బుంగారస్" అను నామము మన తెలుగు మాటనుండి పుట్టినదే. ప్రపంచమునకు పేరిచ్చిన మనము మాత్రము నేడు ఏ నల్లని చిన్న పామును చూచినను కట్లపామనియు, మచ్చలున్న ప్రతి లావుపామును పింజర యనియు పిలుచుచున్నాము. ఒకే పేరు రెండింటికి పెట్టిన యింట విషములేనిది చచ్చుచున్నది, విషముగలది నిర్లక్ష్యమునకు పాత్రమగుచున్నది.

కట్లపామును తోడేలుపామును గూర్చి కొంచెము విస్తరించి వ్రాయుదును. ఈ రెండింటిని పోల్చుకొనుటయందే మనవా రెక్కువగా మోసపోవుచున్నారు. కట్లపాము నిగనిగలాడు నలుపు, లేక నీలిఛాయగల నలుపు. దాని మీద సన్నని తెల్లని కట్లు తఱచుగ జంటజంటలుగ నుండును. అవి మెడయొద్ద లేకుండుటయో, చుక్కలుగా మాసియుండుటయో జరిగి, వెనుకకు పోయినకొలది స్పష్టమై తోకవఱకు సాగును. తోడేలుపామునందు ఇది తలక్రిందులు. దాని రంగు సాధారణముగ గోధుమవన్నె. లేత పసుపు కట్లు మెడయొద్దనే వెడల్పుగ మొదలై, ప్రక్కలకు విచ్చుకొని, తోకవైపు పోను పోను మాసిపోవును. తల బల్లపరుపుగ నుండును. గోడలు, తలుపు చట్రములు ఎగబ్రాకుట దానికి వాడుక. బల్లులకొఱకు ఇండ్లలోనికి వచ్చును. ఇంటిగోడమీద పామును చూచితిమన్నవారు తఱచుగ చూచినది దీనినే. మూరెడుకంటె పెద్దగ నెదుగుట యంతగా లేదు. పట్టుకొన్నచో కోపముతో కఱచును గాని దానివలన మనుష్యునకు ప్రమాదము లేదు.

ఇది చదివి, "ముందు కట్లు స్పష్టమైనచో తోడేలుపాము, వెనుక స్పష్టమైనచో కట్లపాము" అని యొక పద్యపాదమువలె వల్లించి, రాత్రివేళ దీపము వెలుతురున పరీక్షకు దిగువారున్నారని నా భయము. కట్లు పూర్తిగ మాసిపోయిన కట్లపాములు కలవు. నల్లబడిన తోడేలుపాములు కలవు. నలిగిన పాము సంగతి చెప్పనేవలదు. ముప్పాతిక గంట పట్టిన నా గతి చూచితిరి గదా. కట్లపాము వీపు నడుమ పొలుసులు పెద్దవై ఆఱు మూలలు గలిగియుండునన్న గుఱుతు గట్టిదే యైనను, దానిని చూచుటకు పాము చచ్చియుండవలయును, వెలుతురుండవలయును, తొందర లేకుండవలయును. ఇది ప్రయోగశాలలోని సీసాకు తగిన గుఱుతు.

కట్లపామునందు నేర్వవలసిన ముఖ్యవిషయము రంగు కాదు, నడవడి. పగలు అది ఎలుకబొఱియలలోను ఇటుకల సందులలోను ముడుచుకొనియుండును. రాత్రి తిరుగును. నేలమీద పండుకొన్నవారి ప్రక్కకు వచ్చి, వారు కదలినపుడు కఱచును. నొప్పి యుండదు, వాపు లేదు, ఒక్కొక్కప్పుడు గాటుకూడ కానరాదు. తెల్లవాఱునప్పటికి కడుపునొప్పి, వాంతి. ఇంటివారు అజీర్ణమని వాము నమిలింతురు. అటుపై కన్నుఱెప్పలు వాలును. నరముల కొనలు ఒకసారి చెడిన పిదప విరుగుడు మందు వానిని బాగుచేయజాలదు. అవి తమంతట కోలుకొను దినములవఱకు యంత్రముతో ఊపిరి పోయవలసినదే. వర్షకాలమున నేలమీద నిద్రించినవారికి వేకువజామున కారణములేని కడుపునొప్పియు, ఱెప్పల బరువును కలసి వచ్చినచో, పామును చూడకున్నను పాముకాటేయని తలచి బయలుదేఱుడు. మంచముమీద పండుకొని, దోమతెర అంచులను పఱపుక్రిందికి దోపుకొన్నవారికి ఈ పామువలన భయము మిక్కిలి తక్కువ. కట్లపామును గుర్తింప నేర్చిన వందమందికంటె దోమతెర క్రింద నిద్రించిన యొక పిల్లవాడు క్షేమముగ నుండును.

తక్కినవానిని త్వరగా చెప్పెదను. రక్తపింజర లావైన పాము, తల ముక్కోణము, మూడు వరుసలుగా గోధుమ, నలుపు పొడలు గొలుసువలె నుండును. తొక్కకముందే కుక్కరు ఈలవంటి బుస కొట్టును. ఆ బుస విన్నవాడు అడుగు వెనుకకు వేసినచో చాలును. వరిచేలలోను కోతల కాలమునను దీని భయ మధికము. దీనినిజూచి కొండచిలువ పిల్లయని ముద్దుచేసి పట్టుకొనబోయినవారును, పొట్టితోక గల మన్నుపామును దీనినిగా నెంచి చంపినవారును కలరు. ఇసుకనేలల మన్నుపామునకు తోక పొట్టిగ నుండి మచ్చలు క్రమములేక కలసిపోయియుండును, తల మెడకంటె వెడల్పుగ నుండదు. నున్నని యెఱ్ఱని జాతి తోక తలవలెనే యుండుటచే దానికి రెండుతలల పామని పేరు వచ్చినది. అదృష్టము తెచ్చునని చెప్పి దానిని లక్షల కమ్మజూపు మోసగాండ్రును ఈ కాలమున బయలుదేఱిరి.

చిన్నపింజర జానెడు మొదలు రెండు జానల పాము. రాళ్లు, ఎండునేలలు దానికి నివాసము. చుట్టచుట్టుకొని, పొలుసులను రాచికొని ఱంపముతో కోయునట్టి చప్పుడు చేయును. చిన్నదని చులకన చేయరాదు. మెట్టనేలలలో పుల్లలేఱుచు చేతులు చాచువారు దీనివాత పడుదురు. నాగుపామును పడగ విప్పినపుడు గుర్తింపని వాడెవడు? విప్పనపుడు మాత్రము జెఱ్ఱిపోతునకును దానికిని భేదము పలువురకు దొరకదు. జెఱ్ఱిపోతు సన్ననిది, పొడవరి, కన్నులు పెద్దవి, పెదవులమీద నల్లని గీతలుండును, మనుష్యుని చూచినంతనే బాణమువలె పాఱిపోవును. జెఱ్ఱిపోతు నాగుపామునకు మగదన్న మాట మన పల్లెలలో నింకను వినబడుచున్నది. రెండు జెఱ్ఱిపోతులు పెనగొని లేచుటను సరసమనుకొందురు గాని, అది రెండు మగపాముల కుస్తీ.

చెఱువుగట్టున నీరుకట్టె, చెట్టుకొమ్మను పసిరికపాము మనకు కనబడును. నీరుకట్టె కఱచుటకు వెనుదీయదు. పుండు పడును గాని విషము లేదు. పసిరికపాము నుదుటిపై పొడుచునని మా తాతగారు భయపెట్టెడివారు. దాని కొలదిపాటి విషము బల్లులకును తొండలకును చాలునంతే. కాని తూర్పుకనుమలలో వెదురుపొదలమీద ఆకుపచ్చని పింజరయు నొకటి కలదు గనుక, ఏజెన్సీ యూళ్లనుండి వచ్చు పిల్లలు ప్రతి పచ్చపామును పసిరిక యనుకొనరాదు. ఆ కొండలలోనే గిరినాగును ఉన్నది. ఇక సముద్రపుటొడ్డు పిల్లలకు గుఱుతు సులభము: తోక తెడ్డువలె చదునుగ నున్న ప్రతి పాము విషముగలదే. వలలో పడిన పామును చేతితో తీసి పాఱవేయు వాడుక మీ తండ్రులు మానునట్లు చెప్పుడు. గిరినాగు, పచ్చపింజర, సముద్రపు పాములు, ఇవి యేవియు పైన జెప్పిన నాలుగు విషముల మందులో చేరినవి కావు. అట్లయినను ఆసుపత్రికి పోవలసినదే. శ్వాస నిలుపుట, రక్తము చూచుట అచ్చటనే సాధ్యము.

తల ముక్కోణమైనచో విషపామనియు, గుండ్రనైనచో కాదనియు కొన్ని పుస్తకములలో గూడ వ్రాయుదురు. నాగుపాము తలయు కట్లపాము తలయు ముక్కోణములు కావు. పిల్లికన్నుల పాము తల ముక్కోణమే, కాని దానివలన మనిషి చావడు. రెండు కోఱల గాట్లు పడినచో విషమనుటయు నిట్టిదే. విషపాముకాటున ఒక్క గాటే యుండవచ్చును, గీఱుడు మాత్రమే యుండవచ్చును. మన దేశమున మున్నూటికిపైగ పాముజాతు లున్నవి. విషముగలవి వానిలో అఱువది చిల్లర. పైగా విషపాము కఱచినను ఒక్కొక్కప్పుడు విషమెక్కింపదు. ఈ రెండు కారణములచేతనే మంత్రము వేసినవానికిని, వేరు నూఱి యిచ్చినవానికిని కీర్తి వచ్చుచున్నది. చావనివారిని వారు బ్రదికించితిమందురు. చచ్చినవారిని ఆలస్యముగ తెచ్చితిరందురు.

ఆవరణములోని పాముల నన్నిటిని చంపింపుమన్న పెద్దలకు నా మనవి. ఆ నూతియొద్ద కనబడిన జెఱ్ఱిపోతు మన వంటశాల ధాన్యముకొఱకు వచ్చు ఎలుకలను తినుచుండినది. దానిని చంపితిరి. ఎలుకలు మిగిలినవి. ఎలుకలున్నచోటికి నాగుపాము వచ్చును, వాని బొఱియలలో కట్లపాము చేరును. అంతియ గాక పామును చంపబోవునపుడు పామునకు దగ్గఱగా పోకతప్పదు. ఎడముగా నిలిచినవానిని ఏ పామును వెదకికొనివచ్చి కఱవదు. వన్యప్రాణులను చంపుట 1972 నాటి చట్టమున నేరమన్న సంగతియు మఱవరాదు. ఇంటిలో దూఱినచో తలుపు మూసి, శిక్షణ గల పట్టువానికిగాని అటవీశాఖకుగాని కబురంపుడు. కార్బాలిక్ ఆమ్లము చల్లినచో పాములు రావన్న నమ్మకముతో మన కార్యాలయము ఏటేట వ్యయపెట్టు సొమ్ము ఏ యుపయోగమునకును రాదని నా యభిప్రాయము. ఆ సొమ్ముతో దోమతెరలు కొనవచ్చును. వసతిగృహములో నేలమీద పండుకొను బాలు రిప్పటికిని పదునెనిమిదిమంది యున్నారు. ఈ లెక్క నేను స్వయముగ తీసితిని. వారికి మంచములు ముందు, చార్టులు పిదప. ఇది ప్రధానోపాధ్యాయులవారికిని చెప్పితిని. మంచముల ధర యెక్కువయని వారు, ప్రాణము ధర యెంతయని నేను. ఆ సంభాషణ యింకను ముగియలేదు.

కాటుపడినపుడు చేయవలసినది కొంచెమే. ఉంగరములు, గాజులు తీయుడు. కఱచిన చేతిని గాని కాలిని గాని, విఱిగిన యెముకకు కట్టు కట్టినట్లు, బద్దతో కదలకుండ నుంచుడు. బిగించి త్రాడు కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు. నడిపింపక మోసికొని పొండు. 108కి ఫోను చేయుడు. ఆ బండి ఆలస్యమగునని తోచినచో దొరికిన బండినెక్కుడు. దారిలో ఏ యింటిముందును ఆగరాదు, మా యింటిముందు గూడ.

మన ప్రాంతమున తిరుగు పండ్రెండు పాముల బొమ్మలను చిత్రలేఖనపు విద్యార్థులచేత గీయించి, రాబోవు జూను మాసమునకు ముందు వరండా గోడకు తగిలింతుము. బొమ్మ క్రింద శాస్త్రనామముతోబాటు తెలుగు పేరు నుండవలయునని నా కోరిక. ఇందు నాకు చిక్కు వచ్చినది. తోడేలుపామునకు నాకు తెలిసినంతలో సరియైన తెలుగు మాట లేదు. ఇది ఆంగ్లమునుండి తెచ్చుకొన్న పేరు. కొమ్మలపై తిరుగు వెండివన్నె పామునకును, గడ్డిలో తిరుగు చారలపామునకును నేను పేర్లెఱుగను. మీ యూళ్లలో ముసలివారిని, పశువులు కాయువారిని, యానాదులున్నచోట వారిని అడిగి, ఏ పామునకు ఏ పేరు వాడుదురో ఒక కాగితముమీద వ్రాసి, సెలవులు ముగియునప్పటికి మీ పిల్లలచేత పంపుడు. పామును మాత్రము పంపవలదు.